పట్టుగూటిలో ఊపిరి

పంచశీలలో మొదటిది పాణాతిపాతం నుంచి విరమించడం. పాలిలో 'పాణ' అన్నది మన 'ప్రాణ'మే. మూలంలో దాని అర్థం ఊపిరి. ఊపిరి తీసేదంతా పాణమే. మరి ముక్కు లేదు, రొమ్ము ఎగిసిపడదు, పురుగుకు ఊపిరి ఎక్కడిదని కొందరు ఉపాసకులు అడుగుతారు.

అడగదగిన ప్రశ్నే. కీటకాలు శ్వాసించవని అరిస్టాటిల్ అంతటివాడే అనుకున్నాడు. 1669లో ఇటలీ వైద్యుడు మాల్పీజీ పట్టుపురుగును కోసి చూసి రాసిన గ్రంథం ముందు ఆ మాట నిలవలేదు. పట్టుపురుగు ఒంటికి రెండు పక్కలా తొమ్మిదేసి చిన్న రంధ్రాలుంటాయి. వాటి నుంచి వాయునాళాలు చీలుతూ, వెంట్రుక కంటే సన్నబడుతూ ప్రతి కండరం దాకా పోతాయి. మన ఒంట్లో ఆక్సిజన్‌ను మోసేది రక్తం. పురుగు రక్తానికి ఆ పని దాదాపు లేదు, గాలే నేరుగా కణాల గడప దాకా వస్తుంది. ఆ రంధ్రాలను నూనెతో మూస్తే పురుగు చచ్చిపోతుందని మాల్పీజీ గమనించాడు. తల ఒక్కటీ నీళ్లలో ముంచితే మాత్రం దానికి ఊపిరి ఆగదు!

గూడు కట్టుకున్నాక లోపలి ప్యూపా తినదు, ఎండిన గింజలా పడి ఉంటుంది. అయినా పట్టు గోడ గుండా గాలి పీలుస్తూనే ఉంటుంది. అది రెక్కలొచ్చి బయటపడితే గూడు చిల్లుపడి, వందల మీటర్ల ఒంటి దారం తెగిపోతుంది. అందుకే ముందే ఆవిరితోనో వేడిగాలితోనో దాన్ని చంపి, గూళ్లను వేడినీళ్లలో వేసి దారం తీస్తారు. ధర్మవరమైనా కంచి అయినా మామూలుగా పట్టు వచ్చే దారి ఇదే.

వినయ పిటకంలో ఈ పని ప్రస్తావన ఉంది. ఆళవిలో కొందరు భిక్షువులు పట్టు పనివాళ్ల దగ్గరకు వెళ్లి, పట్టు కలిపిన పరుపు కావాలి, పురుగులను ఉడికించి ఇమ్మన్నారు. పనివాళ్లు నొచ్చుకున్నారు. మేమంటే పొట్టకోసం, పెళ్లాంబిడ్డల కోసం ఇన్ని చిన్న ప్రాణాలు తీస్తున్నాం, అదే మా దౌర్భాగ్యం, శ్రమణులు కూడా ఇలా అడుగుతారా అన్నారు. అలాంటి పరుపు చేయించుకోవడాన్ని బుద్ధుడు నిషేధించాడు. అదే వినయంలో భిక్షువుకు అనుమతించిన ఆరు రకాల చీవర వస్త్రాల్లో పట్టు కూడా ఉంది. అంటే తప్పు బట్టలో లేదు, చంపి ఇమ్మని అడగడంలో ఉంది.

దుకాణంలో సిద్ధంగా ఉన్న చీర కొనడం అడగడం కాదు కదా అంటారు. కాదని నేననను. ఈ ఏడాది అమ్ముడుపోయిన చీరల లెక్క చూసుకునే వ్యాపారి వచ్చే ఏటికి పట్టు చెబుతాడు. అడిగినవాడు కనబడడు గానీ, అడగడం జరిగిపోతుంది.

చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరని అంబేడ్కర్ 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో విడదీశారు. రామనగరలో వేడినీళ్ల తొట్టి ముందు కూర్చుని దారం కొస వెతికే స్త్రీకి అది అవసరం. ఆళవి పనివాళ్ల మాట ఆమెకూ చెల్లుతుంది. పెళ్లిలో పట్టు కట్టుకునే మనకు చెల్లుతుందా? చెల్లదనే నా అభిప్రాయం.

రెక్కల పురుగు బయటపడ్డాకే గూడు నుంచి నూలు వడికే అహింసా పట్టును హైదరాబాద్‌కు చెందిన కుసుమ రాజయ్య తెచ్చారు. మంచి పనే, కానీ చిక్కు అంతటితో తీరలేదు. తరతరాల పెంపకంలో ఎగరడం మరిచిన ఆ పురుగు కొద్ది రోజులు బతికి వందల గుడ్లు పెడుతుంది. అవన్నీ పొదిగితే పిల్లలకు చాలినంత మల్బరీ ఆకు ఏ రైతు దగ్గరా ఉండదు.