“మేమే చేసితిమి”



గడచిన వేసవిలో మా పెరటి పాకలో చిన్న కొలిమి పెట్టి మేమొక సుత్తె చేసితిమి. సుమారు ఒక కిలో బరువుగల పాత లారీ ఇరుసు ముక్కతో చేసితిమి. యౌవనుల కూటములో దానిని ఎత్తి చూపి, “దీనిని మేమే చేసితిమి” అంటిమి. మా సంఘములోని ముసలి కమ్మరి వెనుక చాపమీద కూర్చుండి యుండెను. ఆయన ఏమియు అనలేదు, తల వంచుకొనెను. ఆ దినమునుండి ఆ మాట మా మనస్సులో ముల్లువలె నున్నది. ఒక వస్తువును “నేనే చేసితిని” అని మనుష్యుడు ఎప్పుడు చెప్పవచ్చును?

సొంత సుత్తె కావలెననుట తప్పు కాదు. 1 సమూయేలు 13వ అధ్యాయము చూడుడి. ఇశ్రాయేలు దేశమంతట కమ్మరి యొకడును లేకుండ ఫిలిష్తీయులు చేసిరి. నాగటి కఱ్ఱుకు పదును పెట్టించుకొనుటకు సహితము రైతు శత్రువునొద్దకే పోవలసి వచ్చెను. యుద్ధదినమున సౌలునకును యోనాతానునకును తప్ప ఎవనికిని కత్తి లేదు, ఈటె లేదు. సుత్తె ఎవని చేతిలో నున్నదో వానికి లోబడవలసినదే. కాబట్టి పని నేర్చుకొనగోరు వానిని మేము వెనుకకు లాగము.

అయితే మా సుత్తె సంగతి వినుడి. ఇనుము పసుపు తిరుగువరకు కాల్చి, పిడి దూరుటకు బెజ్జము వేయవలెను. ఒక చేత పటకారు, ఒక చేత ఉలి పట్టుకొనినవాడు సమ్మెట ఎట్లు కొట్టును? ఆ కమ్మరియే వచ్చి కొట్టెను. పటకారును ఆయనదే. బెజ్జము రెండు ప్రక్కల వెడల్పుగాను నడుమ ఇరుకుగాను ఉండవలెనని, అప్పుడే చీల కొట్టిన పిడి జారదని ఆయనయే చూపెను. పదును పెట్టునప్పుడు మా తొందర బయటపడెను. సుమారు 770 డిగ్రీల వేడికి అయస్కాంతము ఇనుమును అంటుట మానును. మరికొంచెము కాల్చి నూనెలో ముంచవలెను. మేము చన్నీళ్లలో ముంచితిమి. ముఖము బీట కొట్టెను. రెండవ ముక్కతో మరల మొదలుపెట్టితిమి. ముంచిన పిమ్మట గడ్డిరంగు వచ్చువరకు మెల్లగా వేడి చేయవలెను. లేనియెడల అతిగా గట్టిపడిన ముఖము పెచ్చులూడి కంటిలో పడును. (పాదిరిగారి కన్ను పోయెనని ఊరంతయు చెప్పుకొనెడివారు!)

యూదుల పెద్దల మాటలను కూర్చిన పిర్కే అవోత్ అను గ్రంథపు 5వ అధ్యాయములో, మొదటి విశ్రాంతిదినమునకు ముందు సంధ్యవేళ దేవుడు సృజించినవాటి పట్టీ యున్నది. కొందరు అందులో పటకారును చేర్చిరి. పటకారు చేయుటకు పటకారు కావలెను గదా, మొదటిదానిని దేనితో పట్టుకొనిరి? అచ్చులో పోసి చేయవచ్చునని తల్మూదులో వేరొక జవాబున్నది. తెలివైన జవాబే. మాకు మాత్రము మొదటివారి ఆశ్చర్యమే నచ్చినది. మా సుత్తెను కొట్టినది కమ్మరి సమ్మెట. ఆ సమ్మెటను ఆయన తండ్రి చేసెనట. తండ్రి సుత్తె ఎవరు చేసినదో ఆయనకే తెలియదు.

మా మాట అబద్ధమా? చెమట మాదే, బొబ్బలు మావే. “మేము చేసితిమి” అనుట నిజమే. “మేమే” అనుట అబద్ధము. మరుసటి ఆదివారము ఆరాధన ముగియగానే అందరి యెదుట దానిని ఒప్పుకొంటిమి. కమ్మరి నవ్వి, “అదేముందిలెండి అయ్యగారూ. మా పటకారు ఇంకా మీ పాకలోనే ఉంది” అనెను.