ఎవరి వాటా తగ్గిస్తున్నాము?



నెల జీతము ఒకటే. దాని కొరకు కాచుకొని ఉన్న అవసరములు పది. దశమభాగము, పిల్లల కాలేజీ ఫీజు, ఇంటి అప్పు వాయిదా, ఊరిలో ఉన్న తల్లిదండ్రుల మందులు. ఇవన్నియు మంచివే. చెడును విడిచి మంచిని పట్టుకొనమని మనకు చిన్ననాటినుండి నేర్పారు. అయితే రెండు మంచి కార్యములలో ఒక్కదానికే డబ్బు చాలినప్పుడు ఏమి చేయాలో మనము ఎక్కువగా మాట్లాడుకొనము. అందుచేత ఏది వదిలినా తప్పు చేశామన్న బాధ మనలను వెంటాడుతుంది.

ఇతర ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనకు ఈ చిక్కు ఇంకొంచెము ఎక్కువ. బిడ్డలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో నేర్చుకోవాలి. ఉద్యోగమునకు ఇంగ్లీషు కావాలి. తెలుగు బైబిలు చదవడము కూడ రావాలి. ఉన్నది ఒక్క ఆదివారమే. కోలారు బంగారు గనులు 2001లో మూతపడిన తరువాత అక్కడివారు అనేకులు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనికి పోయి రాత్రికి తిరిగి వస్తున్నారు. దానితో ఇల్లు గడుస్తున్నది. కుటుంబ ప్రార్థన వేళకు మాత్రము తండ్రి ఇంట ఉండడు. ఆ తండ్రిని భక్తి తగ్గినవాడని ఎవరనగలరు?

అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదరదని మన పెద్దలు ఊరకే అనలేదు. గోపురము కట్టదలచినవాడు ముందుగా ఖర్చు లెక్క వేసుకొనే సంగతిని ప్రభువే ఎత్తి చూపారు (లూకా 14:28). ఆ మాట శిష్యత్వమును గూర్చినదే. అయినను లెక్క చూచుకొనుట అవిశ్వాసము కాదని దానివలన తెలుస్తున్నది.

ఆది సంఘములోనే ఈ ఇబ్బంది వచ్చినది. యెరూషలేములో గ్రీకు భాష మాట్లాడేవారి విధవరాండ్రను అనుదిన పంపిణీలో చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టినది (అపొ. కార్య. 6). వాక్య పరిచర్య, ఆకలి తీర్చుట రెండును దేవుని పనులే. అపొస్తలులు రెండును మేమే చేస్తామనలేదు. విధవరాండ్రను ఓర్చుకొమ్మని కూడ అనలేదు. పంపిణీని, దానితో వచ్చే పెత్తనమును వదులుకొని ఏడుగురి చేతికి అప్పగించారు. ఆ ఏడుగురివి గ్రీకు పేర్లే.

మన తెలుగు బాప్టిస్టుల చరిత్రలోను ఇటువంటి నిర్ణయము ఒకటి ఉన్నది. 1876–78 కరవులో ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి దొరికేలా చేశారు. సువార్త విన్నవారు బాప్తిస్మము అడిగారు. సహాయము కొరకే చేరారన్న మాట రాకూడదని, కరవు సహాయము సాగినంతకాలము ఆయన దానిని ఆపివేశారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనమందరము చెప్పుకొంటాము. దానికి ముందు ఏడాదికి పైగా ఆగిన కాలమును అంతగా చెప్పుకొనము. ఆగిన ప్రతిసారి ఇంత పంట వస్తుందని దీని అర్థము కాదు. వదులుకొన్నవి కొన్ని తిరిగి రావు.

ఈ రెండు సంగతులలో మనకు ఒక కొలత దొరుకుతున్నది. ఒక మంచి పని కొరకు మరొక మంచి పనిని వదులుకొనుట పాపము కాదు. ఎవరి వాటా తగ్గించి దీనిని చేస్తున్నామన్నదే మనలను పరీక్షించే ప్రశ్న. అపొస్తలులు తమ పెత్తనమును తగ్గించుకొన్నారు. క్లౌ దొరగారు ఏ మిషనెరీ అయినా సంతోషముగా చూపుకొనే సంఖ్యను పక్కన పెట్టారు. మన ఇండ్లలో ఏమి జరుగుతున్నది? కొడుకు ఇంజనీరింగు కొరకు కూతురి చదువు ఇంటర్‌తో ఆపి, దేవుని చిత్తమంటాము. ముసలి తల్లి కంటి ఆపరేషను మరుసటి ఏటికి వాయిదా వేసి, గృహ ప్రతిష్ఠ ఘనముగా చేస్తాము. సంఘములలోను అంతే. మందిరము ముందు ఆర్చి కట్టుటకు చందాలు వస్తాయి. పాస్టరుగారి జీతము మూడు నెలలు నిలిచిపోతుంది. నోరెత్తనివారి వాటాయే ప్రతిసారి తగ్గుతున్నదంటే, దానికి పొదుపు అని పేరు పెట్టవద్దు. అది అన్యాయము.

కనుక ఇంటిలోను, సంఘ కమిటీలోను బడ్జెటు వేసేటప్పుడు రెండు మాటలు బయటికే చెప్పుకొందము. ఈ సంవత్సరము మనము ఏమి చేయలేము? దానివలన ఎవరికి నష్టము? ఆ నష్టము పడేవారిని కూడ కూర్చుండబెట్టుకొని మాట్లాడుదము. కూతురును అడుగుదము, తల్లిని అడుగుదము, పాస్టరమ్మగారిని అడుగుదము. మందిరమునకు రంగు వేయుట ఒక ఏడు ఆగవచ్చును. తెలుగు సండేస్కూలుకు వారమునకు ఒక్క గంటే దొరికితే, ఆ గంటను శ్రద్ధగా నడుపుదము; మిగిలిన ఆరు దినముల విషయమై బిడ్డలను నిందించవద్దు.

అన్నిటిని చేయగలవాడు దేవుడొక్కడే. మనము చేయలేనిదానిని ఆయనకు అప్పగించి, చేతిలో ఉన్న కొద్దిపాటిని నమ్మకముగాను, న్యాయముగాను పంచుకొందుముగాక.