బేరం అడుగు రేటు మీద కాదు, తల్లీ

తల్లీ, ఆదివారం తెల్లాపూర్ వెళ్లి కొత్త ఫ్లాట్‌కి అడ్వాన్సు ఇచ్చి వస్తామన్నావట. సంతోషం. వెళ్లేముందు పెదనాన్న మాట కాస్త విను. ఇరవై ఏళ్లు మీ ఇద్దరి జీతాల్లోంచి కట్టాల్సిన డబ్బది. అడగడానికి మొహమాటపడొద్దు.

సేల్స్ ఆఫీసులో ముందుగా చదరపు అడుగు రేటు చెబుతారు. అందరూ బేరం అక్కడే పట్టుకుంటారు. వందో యాభయ్యో తగ్గించగానే సంబరపడి సంతకం చేసేస్తారు. కానీ కట్టుబడి నడుస్తున్న ప్రాజెక్టులో బిల్డర్ అడుగు రేటు అంత తేలిగ్గా తగ్గించడు. తగ్గిస్తే ముందు కొన్నవాళ్లు నిలదీస్తారు, రేపు వచ్చేవాళ్లూ అదే రేటు అడుగుతారు. అతను దిగివచ్చేది మిగతా పద్దుల్లోనే.

లెక్క వేసి చూడు. 1,500 అడుగుల ఫ్లాటు, అడుగు 6,500 అనుకుందాం. 97.5 లక్షలు. రేటులో వంద తగ్గిస్తే మీకు మిగిలేది లక్షన్నర. అదే ఫ్లాటు పద్నాలుగో అంతస్తులో ఉంటే? అయిదు దాటినప్పటి నుంచి ఒక్కో అంతస్తుకీ అడుక్కి ఇరవై రూపాయల చొప్పున ఫ్లోర్ రైజ్ వేశారనుకో, 2.7 లక్షలు. రేటు తగ్గించినట్టే తగ్గించి, అంతకు దాదాపు రెట్టింపు ఇక్కడ రాబట్టుకుంటారు. దాని తర్వాత కారు పార్కింగు, క్లబ్ హౌస్, కార్పస్ ఫండ్, ముందే కట్టే మెయింటెనెన్సు, తూర్పు ఫేసింగ్ అయితే అదనం. ఇవన్నీ కాక కట్టుబడిలో ఉన్న ఇంటికి 5 శాతం జీఎస్టీ, రిజిస్ట్రేషన్‌కి మన తెలంగాణలో 7.5 శాతం. కాబట్టి తాళం చేతికొచ్చేసరికి మొత్తం ఎంతవుతుందో ఒక్క కాగితం మీద రాసిమ్మని అడుగు. బేరం ఆ చివరి అంకె మీద ఆడండి. ఫ్లోర్ రైజ్ తీసేయమనండి, పార్కింగు కలిపి ఇమ్మనండి.

1,500 అంటే మీ గదుల కొలత అనుకునేవు. అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కూడా ఉంటుంది. లోపల కాలు పెట్టి తిరిగే కార్పెట్ ఏరియా ఏ 1,080 అడుగులో ఉంటే, అసలు రేటు అడుక్కి తొమ్మిది వేల పైమాటే. రెండు ప్రాజెక్టులు పోల్చేటప్పుడు ఈ లెక్కే చూడండి. ఇళ్ల అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం ఒప్పుకునేదీ ఈ కొలతనే.

మీకు ఫేసింగ్ పట్టింపు లేదన్నావు కదా, అది మీకు కలిసొచ్చే సంగతి. తూర్పు ఫ్లాట్లు ముందే అయిపోతాయి, పడమరవి మిగిలిపోతాయి. మిగిలిన దాని మీద మీ మాట చెల్లుతుంది. ఇంకా మంచిది, పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్ముడవకుండా ఉన్న ఫ్లాటు. దానికి జీఎస్టీ ఉండదు. మనం అనుకున్న ఇంటికైతే ఆ ఒక్క పద్దులోనే 4.87 లక్షలు మిగులుతాయి. గోడలు, కుళాయిలు, ఎండ వచ్చే దిక్కు కళ్లతో చూసి మరీ కొనొచ్చు. నన్నడిగితే నా ఓటు దానికే.

ప్రీ లాంచ్ అని సగం ధర ఆశ చూపిస్తే ఆ గడప తొక్కకండి. రెరా నంబరు రాకుండా అమ్మకానికి పెట్టడమే చట్టవిరుద్ధం. కొంత నగదుగా ఇస్తే తగ్గిస్తామన్నా ఒప్పుకోకండి. ఆ డబ్బుకి రసీదు రాదు, బ్యాంకు అప్పు రాదు, తేడా వస్తే కోర్టులో చూపించడానికి ఆధారం ఉండదు.

తగ్గించిన ప్రతి రూపాయీ, ఇస్తామన్న ప్రతి వస్తువూ అగ్రిమెంటులో ఎక్కాలి. అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు వాళ్లకు లేదు. "ఈ రేటు ఈ రోజుకే" అని తొందరపెడితే లేచి వచ్చేయండి. అల్లుడికీ ఈ మాట చెప్పు. కాగితాలు ముందు నాకు పంపండి, నేను చదివి చెప్పాకే చెక్కు రాయండి.