పస్తు, ఉపవాసం: కరువు నేలలో లెంతు దీక్ష

తిండి లేకుండా ఉండటాన్ని చెప్పడానికి తెలుగులో ‘పస్తు’, ‘ఉపవాసం’ అనే రెండు మాటలున్నాయి. కడుపుకు రెండూ ఒక్కటే. కాని పస్తు వచ్చి పడేది, ఉపవాసం పూనుకొనేది. వ్యుత్పత్తిని బట్టి ఉపవాసమంటే సమీపంలో వసించడం. అందులో అన్నం ప్రసక్తే లేదు. అనంతపురం పీఠభూమిలోని క్రైస్తవులు ఆచరించే లెంతు దీక్షను పరిశీలించేటప్పుడు ఈ భేదం నిఘంటువుకు మాత్రమే పరిమితమైనది కాదు. తరతరాలుగా పస్తులెరిగిన ప్రజల విషయంలో ఉపవాస నిష్ఠకు అర్థమేమిటి, ఆ దీక్షలోని నిలకడను దేనితో కొలవాలి అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

భస్మ బుధవారం మొదలు ఈస్టరు ముందటి శనివారం వరకు 46 రోజులు. పునరుత్థాన స్మరణకు చెందిన ఆరు ఆదివారాలను మినహాయిస్తే 40. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ సీమలో ఆ రోజులు ఎండలు ముదిరే కాలంలో వస్తాయి. వేరుశనగ చేలు బీళ్ళుగా ఉంటాయి. బెంగళూరుకు వలస పోయినవారు పోగా, ఊళ్ళో మిగిలినవారు ఉపాధి హామీ పనుల్లో మట్టి తవ్వుతుంటారు. మొదటి వారాన్ని ఉత్సాహం నడిపిస్తుంది, చివరి వారాన్ని శుభ శుక్రవారం నడిపిస్తుంది. దీక్ష సడలేది నడిమి వారాల్లోనే.

ఈ సడలింపును సూక్ష్మంగా వర్ణించినవాడు ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసి 399లో మరణించిన ఎవాగ్రియస్. ఉదయం పది గంటల నుంచి రెండు గంటల దాకా సన్యాసిని ఒక దయ్యం పడుతుందనీ, సూర్యుడు కదలనట్టు, పగలు యాభై గంటలున్నట్టు తోపించి గది విడిచి పొమ్మంటుందనీ అతడు రాశాడు. గది విడువకపోవడమే దానికి విరుగుడట. మిట్టమధ్యాహ్నపు దయ్యాలంటే మన పల్లెలకు కొత్త కాదు. అయితే ఎవాగ్రియస్ సన్యాసికి గది ఉంది. గడ్డపార పట్టినవారికి ఆ ఎండే గది.

ఇక్కడే చరిత్ర అడ్డు వస్తుంది. 1876-78 నాటి ధాత కరువులో ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలో భాగం; అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులకు వచ్చిన కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బు చాలునని నిర్ణయించాడు. ఒకరి ఆకలికి కొలత మరొకరు వేయడమంటే ఇదే. విద్వాన్ విశ్వం ‘పెన్నేటిపాట’లోని ఆకలి కూడా ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు. ఇంతటి చరిత్ర ఉన్నచోట ఓర్పును బోధించే ప్రసంగికుడు ఆచితూచి మాట్లాడాలి. ఆకలిగొన్నవానికి అన్నం పంచని ఉపవాసాన్ని యెషయా గ్రంథం 58వ అధ్యాయం నిరాకరిస్తుంది. ఇతరులు విధించిన ఉపవాసం, ఎంత పవిత్రమైన పేరు పెట్టినా, తిరిగి పస్తే అవుతుంది.

అలాగని పేదలకు ఉపవాసం అక్కరలేదనడం మరొక రకమైన అహంకారం. పస్తులకు అలవాటుపడిన మనిషి ఒక పూటను తనంతట తాను వదులుకున్నప్పుడు, ఆ పూట తనదేనని మొదటిసారిగా చెప్పుకొంటున్నట్టు. మా అవ్వ లెంతులో శుక్రవారాలు ఉపవాసముండేది. మట్టిపని బరువైన రోజున మధ్యాహ్నానికే సంగటి తినేసేది. మరుసటి శుక్రవారం మళ్ళీ పూనుకొనేది. చిన్నతనంలో దీన్ని నేను నిష్ఠాలోపంగానే ఎంచాను. ఒక్క రోజూ తప్పని దీక్షను గొప్పగా లెక్కించడం గాదె నిండిన ఇంటివారి కొలమానమని తోచడానికి నాకు చాలా కాలం పట్టింది. విడిచిన చోటు నుంచి తిరిగి అందుకోవడాన్నే నిలకడ అనుకుంటే, ఆమె ఏ ఏడూ తప్పలేదు.

తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం అనే ఆచారముంది. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే ఉంచి, దాన్ని ఆదివారం గుడికి తెస్తారు. వానలు తప్పిన ఏళ్ళలో అవ్వ పిడికిలి బిగువు తగ్గేది, వేళ్ళ సందుల్లోంచి గింజలు తిరిగి చేటలోకి జారేవి. మిగిలినవాటిని ఆమె మూట కట్టేది.