రేపటి కూర ఎవరి ధర్మం?

రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు సర్దేవేళ తెలుగిళ్లలో తరచూ వినిపించే ప్రశ్న: "రేపు కూరేం చెయ్యమంటారు?" దానికి మామూలుగా వచ్చే జవాబు: "ఏదో ఒకటి చెయ్యి." ఏది పెట్టినా తింటాను, నాకు పట్టింపుల్లేవు అన్న అణకువ ఆ జవాబులో ఉన్నట్టు తోస్తుంది. కానీ అడిగిన మనిషి కోరింది ఆలోచనలో కాస్త తోడు. అది దొరకలేదు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, ఏడున్నరకల్లా స్కూలు బస్సు వచ్చే ఇంట్లో, షుగరున్న పెద్దవాళ్లకు రొట్టె, పిల్లల బాక్సుకు మరొకటి కావలసిన ఇంట్లో ఆ ఆలోచన చిన్నదేమీ కాదు. వారానికి సరిపడా వంటలు ముందే అనుకుని పెట్టుకోవడాన్ని మనం ఇంటి సర్దుబాటుగా, మహా అయితే పొదుపు ఉపాయంగా చూస్తాం. అది ధర్మానికి సంబంధించిన విషయమని నా నమ్మకం. అన్నం పెట్టడం పుణ్యమైతే, ఏం పెట్టాలో ఆలోచించడం కూడా ఆ పుణ్యంలో పాలే. ఆ పాలు ఒక్కరి నెత్తిన వదిలేసి మిగిలినవాళ్లు విస్తరి ముందు కూర్చుంటే ఆ ఇంటి ధర్మంలో లోటున్నట్టే.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నం గురించి వ్రతాలు విధిస్తుంది. అన్నాన్ని నిందించకూడదు, అన్నాన్ని విస్తారంగా సమకూర్చుకోవాలి, ఆశ్రయం కోరి ఇంటికొచ్చినవాళ్లను తిప్పి పంపకూడదు. తిప్పి పంపకూడదు కాబట్టే సమకూర్చుకోవాలని కారణం కూడా అక్కడే చెబుతుంది. తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు చెప్పే అర్థం. అలా వచ్చినవాడికి పెట్టాలంటే ఇంటివాళ్లకు తమ తిథులు తెలిసి ఉండాలి: బియ్యం ఎన్నాళ్లొస్తాయి, పప్పు ఎంతుంది, పాలు తోడుపెట్టామా లేదా. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టారని గోదావరి జిల్లాలు ఈనాటికీ చెప్పుకుంటాయి. మనం తలుచుకునేది ఆవిడ దయను. ఆ దయ ఏళ్ల తరబడి నిలవాలంటే దాని వెనక ప్రతిరోజూ ఎంత బియ్యం, ఏ కూర, ఎవరు తరుగుతారు అన్న ఎడతెగని లెక్క ఉండి తీరాలి. ఆ లెక్కకూ చేతులెత్తి మొక్కాలి.

దీనికి బలమైన ఆక్షేపణ ఉంది. రేపటి గురించిన తాపత్రయమే కదా మనిషిని కట్టిపడేసేది? మనుస్మృతి నాలుగో అధ్యాయం గాదె నిండా ధాన్యం ఉన్న గృహస్థుణ్ణీ, కుండెడు ఉన్నవాణ్ణీ, మూడు రోజులకు సరిపడా ఉన్నవాణ్ణీ, రేపటికి లేనివాణ్ణీ వరసగా పేర్కొని చివరివాడే శ్రేష్ఠుడంటుంది. బౌద్ధ భిక్షువు అన్నాన్ని మర్నాటికి దాచుకోడు. రేపటి గురించి చింతించవద్దని యేసు కొండమీది ప్రసంగంలో చెప్పాడు. ఎడారిలో కురిసిన మన్నా అనే ఆహారాన్ని మర్నాటికి దాచుకుంటే పురుగులు పట్టిందని బైబిలు నిర్గమకాండం చెబుతుంది. ఇన్ని సంప్రదాయాల మాటను తేలిగ్గా తోసిపుచ్చలేం. అయితే ఆ మన్నా కథనే ఇంకాస్త ముందుకు చదవాలి. ఏడో రోజు విశ్రాంతి దినం కాబట్టి ఆరో రోజున రెండు రోజులకు సరిపడా ఏరుకొమ్మన్న ఆజ్ఞ అక్కడే ఉంది. ఆ రోజు దాచినది చెడలేదు. సబ్బాతు అనే ఆ విశ్రాంతి దినాన్ని నిష్ఠగా పాటించే యూదుల ఇళ్లలో ఇప్పటికీ శుక్రవారం పొద్దు గుంకేలోపే శనివారపు వంట పొయ్యెక్కుతుంది. ఆశకొద్దీ దాచుకున్నది పురుగుపట్టింది, అందరూ ఒక పూట ఊపిరి పీల్చుకోవడానికి దాచినది నిలిచింది. మనువు కొలిచింది కూడా గాదెనే, ఆలోచనను కాదు. మూడు రోజుల గింజలే ఉన్న ఇల్లాలు గాదె నిండుగా ఉన్న ఇల్లాలికంటే ఎక్కువ ఆలోచించాలి. ఆలోచన కొరవడిన చోటే సంచులు బరువెక్కుతాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు, అందులో 60 శాతం ఇళ్లలో వృథా అయినదే. ఫ్రిజ్ అడుగున కుళ్లిపోయిన కొత్తిమీర కట్ట ఆ లెక్కలోదే. నాలుగు కూరలు అనుకుని నాలుగింటికే కొనుక్కున్న ఇల్లు అపరిగ్రహానికి దగ్గరగా ఉంది.

ఆచారం వైపు నుంచి మరో మాట వస్తుంది. వండి జాము దాటిన తిండిని గీత పదిహేడో అధ్యాయం తామసమంటుంది కదా, ఆదివారం వండి గురువారం తినడం ఏం పద్ధతి? ఆ పద్ధతికి నేనూ వకాల్తా పుచ్చుకోను. ముందే అనుకోవడం వేరు, ముందే వండేయడం వేరు. రేపటి ఇడ్లీకి ఇవాళ మినప్పప్పు నానబోస్తాం, ఏడాదికి సరిపడా ఆవకాయ వేసవిలోనే పెడతాం. ఏకాదశికి ఉపవాసం, సంక్రాంతికి అరిసెలు, ఉగాదికి వేపపువ్వు పచ్చడి అని చెప్పే పంచాంగం ఏడాది పొడవునా సాగే వంటల పట్టిక కూడా. రంజాన్ నెలలో తెల్లవారుజామున సహరీకి ఏం ఉండాలో రాత్రే అనుకోకపోతే రోజా గడవడం కష్టం. పోతన భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు గోపబాలురతో కూర్చుని చల్దులు ఆరగిస్తాడు. మధ్యాహ్నం అడవిలో పిల్లలకు ఆకలేస్తుందని పొద్దున్నే ఇంట్లో ఎవరో తలచి కట్టిచ్చిన మూటలవి. ఆ తలపు చద్దిని ప్రసాదంతో సమానం చేసింది.

అరణ్యవాసంలో సూర్యుడు ధర్మరాజుకిచ్చిన అక్షయపాత్రకూ ఒక హద్దుంది. ద్రౌపది భోజనం చేసేదాకానే ఆ రోజుకు అందులో అన్నం ఊరుతుంది. అందరికీ పెట్టాక, చివర ఆమె తింటుంది. ఆమె తిన్న తరవాతే దుర్వాసుడు శిష్యులతో దిగాడు. స్నానం చేసి రమ్మని ఆదరంగా పిలిచినవాడు ధర్మరాజు. ఏం పెట్టాలి అని తల్లడిల్లింది ద్రౌపది. పాత్ర అంచున అంటుకున్న కాస్త ఆకుకూరను కృష్ణుడు నోట వేసుకుని మునుల కడుపు నింపాడని మనం ఆ కథను మహిమగా చెప్పుకుంటాం. నన్ను నిలవేసేది దానికి ముందు ఘట్టం. పిలుపు ఒకరిది, దిగులు మరొకరిది. ధర్మమూర్తిగా లోకం కొలిచే రాజు కుటుంబంలోనే దిగులు అలా ఒక్కరి వైపే ఒరిగింది. కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వేలో ఇంటి పనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. బస్సులో నిలబడి దొండకాయలు అయిపోయాయనీ, అత్తయ్యగారికి వంకాయ పడదనీ మనసులో వేసుకునే లెక్క గడియారానికి చిక్కదు.

వంటిల్లు ఇల్లాలి అధికారం, అందులో అందరూ తల దూరిస్తే ఆమెకు మిగిలేదేముంది అని అడిగేవాళ్లున్నారు. పెద్ద కుటుంబాల్లో ఆ అధికారం ఎంతోమంది స్త్రీలకు దొరికిన ఒకే ఒక్క గౌరవమన్న సంగతి మరవకూడదు. కానీ ఆమెకు జ్వరమొచ్చిన రోజు ఎవరికీ మజ్జిగన్నం కలపడం కూడా తోచని ఇంట్లో ఆమెకున్నది అధికారమని నేననుకోలేను. ఆదివారం పావుగంట అందరూ కూర్చుంటే చాలు. బుధవారం బాక్సులోకి ఏం కావాలో పిల్లలు చెప్పాలి. చెప్పినవాళ్లే ముందురోజు చిక్కుళ్లు ఒలవాలి. తనకేది పడదో తాతగారు నోరువిప్పి చెప్పాలి. గురువారం నాది, సొరకాయ పప్పు చేస్తాను అని తండ్రి అనాలి. అన్నాక ఆ సొరకాయ ఉందో లేదో చూసుకోవలసింది కూడా ఆయనే. వారంలో ఒక పూట ఎదుట ఏ కూర పేరూ రాయకుండా వదలాలి. ఎవరైనా వస్తే ఆ పూట వాళ్లది, రాకపోతే చారూ అప్పడాలూ.