మన త్రాసు సరిగ్గా తూగుతోందా?

ఈ వారం వీడియోలో తులాధారుడి కథ విన్నారు కదా. మహాభారతం శాంతిపర్వంలోది. జాజలి ముని కదలకుండా తపస్సు చేస్తే జడల్లో పిట్టలు గూడు కట్టాయి. అంతటివాడు ధర్మం నేర్చుకోడానికి కాశీలో ఒక వ్యాపారి దగ్గరికి పోవాల్సొచ్చింది. ఆ వ్యాపారి గొప్పేంటి? అతని త్రాసు ఎవరికైనా ఒకేలా తూగుతుంది.

వీడియోలో చెప్పనిది ఒకటుంది. పోయిన నెల డోన్‌లో నాన్న పాత మారుతి 800 అమ్మాం. ఎండలో కర్నూలు రోడ్డెక్కితే ఇంజన్ వేడెక్కుతుంది. "అడిగితే చెబుదాంలే సార్" అన్నాడు బ్రోకర్. కొన్న అన్న అడగలేదు, నేను చెప్పలేదు. ఫారం 29, 30 మీద సంతకాలైపోయాయి.

తర్వాతి ఆదివారం సెకండ్‌హ్యాండ్ ఆల్టో చూడ్డానికి వెళ్ళా. తాళం చేతికివ్వకముందే ఆ పెద్దాయన, "నాయనా, క్లచ్ అయిపోవచ్చింది. ఆ ఖర్చు తగ్గించుకొని ఇయ్యి" అన్నాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. కొనేటప్పుడు నిజం కావాలి, అమ్మేటప్పుడు మౌనం చాలా? ఇదేం త్రాసు?

ఆ రాత్రే అన్నకు ఫోన్ చేసి సంగతి చెప్పా, రిపేరు డబ్బు పంపిస్తానన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రేపు పిల్లోళ్ళను ఎక్కించుకొని మహానంది పోదామనుకుంటిమి" అన్నాడు.

అడగలేదు కాబట్టి చెప్పలేదనడం కూడా తూకంలో మోసమే. పాత ఫోన్ అమ్మినా, బైక్ అమ్మినా, అవతలివాడి పిల్లల్ని ఒక్కసారి తలుచుకోండి.

జై శ్రీమన్నారాయణ.