నేను రాను, నువ్వు రావద్దు

బహిష్కారం పత్రికల మాట. ఊళ్ళో మాట వెలి. ఒక కుటుంబాన్ని వెలివేస్తే దానికి నిప్పు పుట్టదు, నీళ్ళు పుట్టవు, పెళ్ళికి పిలుపు రాదు, పాడె మోయడానికి నలుగురు దొరకరు. తప్పు ఒకరిదైనా శిక్ష ఇంటిల్లిపాదికీ పడుతుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి పంపివేసిన దళిత పరిశోధక విద్యార్థులు 2016 జనవరిలో తాము వేసుకున్న గుడారానికి వెలివాడ అని పేరు పెట్టారు. చదువుల లోకానికి వెలివేయడం కొత్త కాదని ఆ పేరే చెబుతుంది. ఇందుకు పూర్తిగా భిన్నమైన మరో పనిని కూడా మనం బహిష్కారమనే అంటున్నాం. 1920లో గాంధీ పిలుపు విని ప్రభుత్వ కళాశాలలు వదిలేసిన విద్యార్థులు చేసింది అదే. వాళ్ళు ఎవరినీ గెంటలేదు, తామే బయటికి నడిచారు, నష్టం తామే భరించారు. ఒకటి ‘నేను రాను’ అనడం, మరొకటి ‘నువ్వు రావద్దు’ అనడం. అన్యాయం చేసే దేశాల విశ్వవిద్యాలయాలతో సంబంధాలు తెంచుకోవాలా వద్దా అన్న వాదం వందేళ్ళుగా తెగకపోవడానికి ఈ రెంటినీ ఒకే గాటన కట్టడమే ముఖ్య కారణమని నా అభిప్రాయం. మొదటిది విద్యా స్వేచ్ఛలో భాగం. రెండోది, ఎంత న్యాయమైన ఉద్యమం పేరుతో చేసినా, ఆ స్వేచ్ఛకు గొడ్డలిపెట్టు.

దక్షిణాఫ్రికా సంగతే చూద్దాం, ఎందుకంటే ఈ రెండు రకాలూ అక్కడ కనిపిస్తాయి. 1959లో అక్కడి ప్రభుత్వం విశ్వవిద్యాలయ విద్యా విస్తరణ చట్టం తెచ్చింది. పేరులో విస్తరణ ఉంది, పనిలో ఉన్నది వేర్పాటు. కేప్‌టౌన్, విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయాల్లో మంత్రి అనుమతి లేకుండా నల్లజాతి విద్యార్థులు చేరడానికి వీల్లేదు. తెగకో కళాశాల, జాతికో కళాశాల. నాటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ, తమిళుల, భోజ్‌పురీల సంతతికి డర్బన్ రేవులోని ఒక ద్వీపంలో విడిగా కళాశాల పెట్టారు. ప్రభుత్వాన్ని ఎదిరించిన జాక్ సైమన్స్, ఎడ్డీ రూ అనే ఇద్దరు ఆచార్యులను పాఠం చెప్పకుండా నిషేధించారు. దానికి జవాబుగా 1965లో బ్రిటన్‌లోని 34 విశ్వవిద్యాలయాలకు చెందిన 496 మంది అధ్యాపకులు ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. జాతి వివక్ష పాటించే దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలకు దరఖాస్తు చేయబోమనీ, ఇచ్చినా తీసుకోబోమనీ దాని సారాంశం. ఇందులో ఎవరి స్వేచ్ఛా పోలేదు. ఎక్కడ పాఠం చెప్పాలో, ఎక్కడ చెప్పకూడదో తేల్చుకునే హక్కు అధ్యాపకుడికి లేదంటే ఇక విద్యా స్వేచ్ఛ అన్న మాటకు అర్థమే ఉండదు.

ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత కథ మారింది. 1986 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ప్రపంచ పురావస్తు సదస్సు జరగాల్సి ఉంది. డబ్బు ఇస్తామన్న నగరపాలక సంస్థ, విద్యార్థి సంఘం, అధ్యాపకుల సంఘం అన్నీ దక్షిణాఫ్రికా నుంచి ఎవరూ రాకూడదని పట్టుబట్టాయి. సదస్సు కార్యదర్శి పీటర్ ఉకో చాలా మథనపడి చివరికి ఒప్పుకున్నారు. దక్షిణాఫ్రికా, నమీబియాల నుంచి వచ్చేవాళ్ళందరికీ తలుపు మూశారు. అప్పటిదాకా అండగా ఉన్న అంతర్జాతీయ సంఘం గుర్తింపు ఉపసంహరించుకుంది, అమెరికా, యూరప్ పండితులు చాలామంది తప్పుకున్నారు, ఆఫ్రికా, ఆసియా పండితులు ఉకో పక్షాన నిలిచారు. ఇందులో అసలు విషాదం వేరే ఉంది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఇంచుమించు ఒకే కాలంలో ఆ నేల మీదికి వచ్చారని, కాబట్టి అది ఎవరి సొత్తూ కాదని వర్ణవివక్ష ప్రభుత్వం బడిపిల్లలకు నేర్పేది. ఆ కట్టుకథను తవ్వి పడేసినవాళ్ళు అక్కడి పురావస్తు శాస్త్రవేత్తలే. డచ్చివాళ్ళ ఓడలు రావడానికి వెయ్యేళ్ళకు పైగా ముందే ఇనుము కరిగించి, పశువులు మేపి, పంటలు పండించిన నల్లజాతి రైతుల ఊళ్ళను వాళ్ళు మట్టిలోంచి బయటికి తీశారు. వర్ణవివక్షకు వ్యతిరేకంగా చరిత్ర ఇవ్వగల సాక్ష్యాన్ని చేతిలో పట్టుకున్నవాళ్ళనే వర్ణవివక్ష మీద కోపంతో గుమ్మం బయట నిలబెట్టారు. వాళ్ళలో ఎవరు ఏమి రాశారో ఎవరూ అడగలేదు. ఏ దేశం నుంచి వచ్చారన్నదొక్కటే చూశారు.

సాక్షి ఏ కులంవాడు, ఏ దేశంవాడు అన్నది సాక్ష్యం విలువను తేల్చదని మన తార్కికులు చాలా ముందే గ్రహించారు. న్యాయ దర్శనం శబ్దాన్ని, అంటే నమ్మదగినవాడి మాటను, ఒక ప్రమాణంగా ఒప్పుకుంటుంది. ఎవరు ఆప్తుడు అన్న ప్రశ్నకు వాత్స్యాయనుడు తన భాష్యంలో జవాబిస్తాడు: విషయాన్ని స్వయంగా తెలుసుకుని, తెలిసినది తెలిసినట్టు చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా అంటాడు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు, యవనులు మ్లేచ్ఛులే అయినా జ్యోతిశ్శాస్త్రం వాళ్ళ దగ్గర స్థిరంగా ఉంది గనుక ఋషుల్లా పూజలందుకుంటున్నారని రాశాడు. ఇంత చెప్పిన సంప్రదాయమే శూద్రుడికి వేదాధ్యయన అధికారం లేదని బ్రహ్మసూత్ర భాష్యాల్లో అధికరణం పెట్టి మరీ వాదించింది కదా అని ఎవరైనా ఎదురు ప్రశ్న వేయవచ్చు. వేయాలి కూడా. ఆ రెండో వాదం వల్ల మనం ఎంతమంది ఆప్తులను పోగొట్టుకున్నామో లెక్క తేలదు. వెలి వల్ల నష్టపోయేది వెలిపడ్డవాడొక్కడే కాదు, వెలివేసినవాడి జ్ఞానం కూడా అనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు అక్కర్లేదు.

సౌతాంప్టన్ సదస్సు నుంచి పుట్టిన సంస్థే 1994 డిసెంబరులో ఢిల్లీలో మూడో మహాసభ జరిపింది. బాబ్రీ మసీదు కూలి అప్పటికి సరిగ్గా రెండేళ్ళు. భారతీయ నిర్వాహకులు అడిగారని, అయోధ్య మీద చర్చే ఉండకూడదని నాయకత్వం అంగీకరించింది. పురావస్తు శాస్త్రం పేరు చెప్పి ఒక కట్టడాన్ని కూల్చిన దేశంలో, పురావస్తు శాస్త్రవేత్తల ప్రపంచ మహాసభలో, ఆ ఒక్క మాటకూ తావు లేకపోయింది! సభ చివరికి వేదిక మీద తోపులాటతో ముగిసింది. ఒకసారి మనుషులకు తలుపు వేయడం అలవాటైతే ప్రశ్నలకు వేయడం కష్టం కాదు.

‘మీరు చెప్పే స్వేచ్ఛ ఎవరిది?’ అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. ఇజ్రాయెల్ విశ్వవిద్యాలయాలను బహిష్కరించమంటున్న పాలస్తీనా వారు అడుగుతున్నది అదే. బీర్‌జీత్ విశ్వవిద్యాలయాన్ని ఇజ్రాయెల్ సైన్యం 1988 నుంచి 1992 వరకు మూసి ఉంచింది. 2023 అక్టోబరు తర్వాత గాజాలో విశ్వవిద్యాలయాల భవనాలు దాదాపు అన్నీ కూలిపోయాయి, లేదా దెబ్బతిన్నాయి. తరగతి గదే లేనివాడికి ఇంకొకరి సదస్సు ఆహ్వానం గురించి బెంగ పడమని చెప్పడం సిగ్గులేని పని. అమెరికా అధ్యాపకుల సంఘం 2006లో అన్ని విద్యా బహిష్కారాలనూ వ్యతిరేకించి, 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది. దాని వెనక ఈ ఒత్తిడి ఉంది, ఆ ఒత్తిడిలో న్యాయమూ ఉంది. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ దాని నుంచి రాబట్టే ముగింపుతోనే పేచీ. కొందరికి స్వేచ్ఛ లేకపోవడం అన్యాయమైతే, ఆ లేమిని మరికొందరికి పంచితే అన్యాయం తగ్గదు. సైన్యానికి ఆయుధ పరిశోధన చేసిపెట్టే సంస్థతో ఒప్పందం రద్దు చేయండి, ఆక్రమిత భూమిలో కట్టిన కళాశాలకు గుర్తింపు ఇవ్వకండి, పురస్కారం ఇస్తానంటే వద్దనండి. ఇవన్నీ ‘నేను రాను’లోకే వస్తాయి. సంస్థకు జాతకం ఉండదు, ఒప్పందం దాని పుట్టుక కాదు. దాన్ని నిరాకరిస్తే ఎవరినీ పుట్టిన చోటు చూసి శిక్షించినట్టు కాదు.

ఇక్కడే సన్నని మెలిక ఒకటుంది. సంపాదకుడు, పరీక్షాధికారి, ప్రవేశాల కమిటీ సభ్యుడు ‘ఇది నా సహాయ నిరాకరణ’ అనవచ్చా? 2002లో మాంచెస్టర్‌లో అనువాద అధ్యయనాల ఆచార్యురాలు మోనా బేకర్ తన రెండు పత్రికల సంపాదక, సలహా మండళ్ళ నుంచి గిడియన్ తూరీ, మిరియం ష్లెసింగర్‌లను తొలగించారు. ఇద్దరూ ఇజ్రాయెల్ విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవారు. ష్లెసింగర్ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఇజ్రాయెల్ శాఖకు అధ్యక్షురాలిగా పనిచేసిన మనిషి, తన ప్రభుత్వాన్ని విమర్శించిన మనిషి. పత్రికలు బేకర్ సొంత ప్రచురణ సంస్థవి కాబట్టి ఆమె ఇష్టం అనవచ్చు. కాగితం, అచ్చు ఆమెవే. పాండిత్యాన్ని తూచే తక్కెడ మాత్రం ఆమెది కాదు, ఆ శాస్త్రంలో పనిచేసేవాళ్ళందరూ నమ్మి అప్పగించినది. అప్పగింతగా వచ్చినదాన్ని మన నిరసనకు ఖర్చుపెట్టే హక్కు మనకు లేదు. నా ప్రయాణం, నా ఉపన్యాసం, నా సంతకం, నా జీతం ఇవి నావి. దరఖాస్తుల కట్ట నాది కాదు.

అందరినీ ఆపడం తప్పే అయితే మంచివాళ్ళను వదిలి మిగతావాళ్ళనే ఆపవచ్చు కదా అంటారు. 1987లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు ఆలివర్ టాంబో స్వయంగా పట్టు సడలించి, ప్రజల పక్షాన జరిగే సాంస్కృతిక, విద్యా కృషికి బహిష్కారం వర్తించకూడదన్నారు. బాధితుల వైపు నుంచే ఈ సవరణ రావడం గమనించదగ్గ విషయం. అయితే మంచివాడెవరో తేల్చడానికి ఎవరో ఒకరు బల్ల వేసుకు కూర్చోవాలి, ఎదుటివాడి చేత ప్రమాణం చేయించాలి. తన దేశం గురించి సరైన మాట అంటేనే వ్యాసం చదువుతామనే సభకూ, తన దేశం గురించి తప్పు మాట అన్నాడని ఆచార్యుణ్ణి తీసేసే ప్రభుత్వానికీ మధ్య గోడ చాలా పలచన. పైగా నిరంకుశ దేశంలో ఉన్నవాడు ఆ ప్రమాణం బాహాటంగా చేస్తే జైలుకు పోవచ్చు. దాన్ని భద్రంగా చేయగలిగేది మనం కూర్చున్న చోటనే.

2022 మార్చి మొదటి వారంలో రష్యా విశ్వవిద్యాలయాల అధిపతుల సంఘం ఉక్రెయిన్ మీద దాడిని సమర్థిస్తూ ప్రకటన ఇచ్చింది. దాదాపు అదే రోజుల్లో వేలమంది రష్యన్ శాస్త్రజ్ఞులు, విద్యార్థులు యుద్ధం వద్దంటూ లేఖల మీద సంతకాలు చేశారు. అధిపతి సంతకం పెట్టిన ఒప్పందం కాగితమూ, అదే విశ్వవిద్యాలయం చిరునామాతో ఒక కుర్రవాడు పరిశోధనలో చేరడానికి పంపిన దరఖాస్తూ ఒకే టపాలో వచ్చాయనుకుందాం. మొదటి కవరు విప్పకుండా తిప్పి పంపవచ్చు. రెండోది విప్పాలి, అతను ఏ లేఖ మీద సంతకం చేశాడని అడక్కుండా.